పశ్చిమాఫ్రికా శిలాప్రతిమలు: వాని నామములును, ఆరాధనార్థములును

ఆఫ్రికాఖండపు శిల్పమును గూర్చి ప్రసంగము వచ్చినపుడు పెక్కుమంది దారుశిల్పమును, లోహశిల్పమును మాత్రమే స్మరింతురు. 1897వ సంవత్సరమున నాంగ్లేయసేనలు బెనిన్ నగరమును గొల్లగొట్టి తెచ్చిన యిత్తడిఫలకములు ఐరోపాలోని వస్తుప్రదర్శనశాలలఁ జేరి లోకవిఖ్యాతము లయ్యెను. శిలాప్రతిమల కట్టి ప్రసిద్ధి కలుగలేదు. అవి రాజమందిరములందుఁ గాక పొలములందును, ఏటిగట్టులందును, వనములందును పడియుండుటయు, వానిఁ జెక్కినవారి పేరు చెప్పు శాసన మొక్కటియు లేకుండుటయు నిందుకుఁ గారణములు.

ఇట్టి ప్రతిమలు విస్తారముగా లభించిన తావులలో ముఖ్యమైనవి మూఁడు. సియర్రా లియోన్ దేశపు దక్షిణ పూర్వభాగములును, దానికిఁ జేరువనున్న గినీదేశపు కిస్సీసీమయు మొదటి తావు. నైజీరియాలోని క్వారా రాష్ట్రమున, ఇగ్బొమినా యొరుబాజాతివారి యూరగు ఎసియె రెండవది. అదే దేశమున క్రాస్ నదికి నడిమిభాగమున ఇకోమ్ పట్టణము చుట్టుపట్ల గల పల్లెలు మూఁడవది. ఈ మూఁటి శిల్పరీతియు వేఱు, భాషలు వేఱు, కాలములు వేఱు. అయినను ఒక్క విషయమున మూఁడును సమానములు. ప్రతిమలఁ జెక్కు విద్య యన్నిటను నశించినది. వానిఁ గొలుచు నాచారము మాత్రము శిల్పి పోయిన పిమ్మటను జిరకాలము నిలిచినది.

ఇందుండియే యొక విచారము పుట్టుచున్నది. చెక్కినవాని తాత్పర్యము ప్రతిమ కర్థమా, లేక కొలుచువాని విశ్వాస మర్థమా? శబ్దశాస్త్రమున యోగము, రూఢి యని భేదము చెప్పుదురు. ప్రకృతిప్రత్యయముల వలనఁ దేలు నర్థము యోగార్థము; లోకవ్యవహారముచే స్థిరపడినది రూఢ్యర్థము. మండపశబ్దమునకు గంజిఁ ద్రాగువాఁడని యోగార్థ మున్నను లోకమున దానికిఁ గట్టడమనియే రూఢి. ఈ ప్రతిమల యర్థమును విచారించునపుడును నీ భేదమును మఱవరాదు. మఱచినందుననే కొందఱు యాత్రికులు తాము చూచిన పూజయే శిల్పి యుద్దేశమని భ్రమపడిరి; మఱికొందఱు పూజకులకు శిల్పి తెలియఁడు గావున వారి మాటకు విలువ లేదని త్రోసివేసిరి.

నొమొలి

సియర్రా లియోన్ దేశమున దొరకు ప్రతిమలను మెండేజాతివారు నొమొలి యందురు. ఇది యేకవచనరూపము, బహువచనమున నొమొలిసియ యగును. ఇవి తఱుచుగా బలపపురాతితోఁ జేయఁబడినవి. ఆ రాయి మెత్తనిది; ఇనుపకత్తితోఁ జెక్కుట కనువైనది. ప్రతిమలు సామాన్యముగా జానెఁడు ప్రమాణముగలవి. శరీరముకంటె శిరస్సు పెద్దది. కన్నులు వెలికి నుబికియుండును. నాసాపుటములు వెడల్పు, పెదవులు దళసరి. తల వెనుకకుఁ జాఁగియుండును. కూర్చున్నవియు, మోఁకరించినవియు, ఆయుధమును డాలును బట్టినవియుఁ గలవు.

వీనిని మెండేవారు చెక్కలేదు. వరిపొలము కొఱకు నేలఁ ద్రవ్వునపుడును, ఏటియిసుకఁ దోడునపుడును, ఇరువదవ శతాబ్దమున వజ్రములకై భూమిని గోయునపుడును ఇవి బయటఁబడినవి. తమకుఁ బూర్వ మా నేల నేలినవారి సొత్తని, ఆ పూర్వులకు సంబంధించిన భూతము వీనియందున్నదని మెండేవారి నమ్మకము. దొరకిన ప్రతిమను రైతు తన వరిచేనిలోఁ జిన్నపందిరి క్రింద నిలిపి, దానికి బియ్యము మొదలగు వాని నర్పించి పంటను గాపాడుమని వేఁడుకొనును. ఆంగ్లప్రభుత్వోద్యోగియగు ఆల్డ్రిజ్ 1901వ సంవత్సరమునఁ బ్రకటించిన షెర్బ్రోదేశవర్ణనమునందు నీ యాచారము ప్రస్తావింపఁబడినది. పొరుగుచేనిలోని ధాన్యమును గూడఁ దన చేనికిఁ దెచ్చిపెట్టుమని ప్రతిమ నడుగుటయుఁ గలదు. పంట చెడిన నారైతే కొరడాతో దానిని గొట్టును.

ఈ కొట్టుటను జూచి కొందఱు పాశ్చాత్యులు నవ్విరి. విచారించిన నిందు నవ్వఁదగిన దేదియు లేదు. రైతునకుఁ బ్రతిమ యందున్నది తన కులదైవము గాదు, తన తాతయుఁ గాఁడు, మునుపటి భూస్వామి. క్రొత్తగా వచ్చి నేల సాగుచేయువానికిని, ఆ నేలకు మొదటి యధికారియగు నదృశ్యపురుషునకును జరిగిన యొడంబడిక యది. తిండి పెట్టుట యొకవైపు. పని చేయుట యింకొకవైపు. ఒడంబడిక తప్పినవానికి శిక్ష. మెండేవా రా దేశమునకుఁ దరువాత వచ్చినవారను చరిత్రవిషయము పంటపూజలో నీవిధముగా దాఁగియున్నది.

నొమొలికంటెఁ బెద్దవియగు శిలాశిరస్సులును గొన్ని దొరకినవి. వానిని మెండేవారు మహెన్ యఫె యందురు. రాజుయొక్క భూత మని దాని యర్థము. పేరునకుఁ దగినట్లే యిది నాయకునికిఁ జెందిన వస్తువు. ప్రమాణములు చేయించునపుడు సాక్షిగా నుంచఁబడునది. చేనిలో రైతునకు నొమొలి యెట్లో, సభలో రాజునకు మహెన్ యఫె యట్లు.

పొమ్‌దో

సరిహద్దు దాఁటి కిస్సీసీమకుఁ బోయినచో నిట్టి శిలలకే వేఱు పేరును, వేఱు మర్యాదయుఁ గనఁబడును. కిస్సీవారు ప్రతిమను పొమ్‌దో యనియు, బహువచనమునఁ బొమ్‌తన్ అనియు వ్యవహరింతురు. కిస్సీభాషయందు నామము ఏ గణమునకుఁ జెందునో, ఏకమో బహువో యనునది శబ్దాంతమందలి ప్రత్యయముచేఁ దెలియును. ఇచ్చట ప్రత్యయభేదమాత్రముచేత వచనభేద మేర్పడినది. ప్రకృతికి మృతుఁ డని యర్థము. కావునఁ బొమ్‌దో యనఁగా మృతుఁడు. పొమ్‌తన్ అనఁగా మృతులు.

ఫ్రెంచి విదుషీమణి దెనీజ్ పోల్మ్ 1945వ సంవత్సరము మొదలుకొని కిస్సీసీమలో వసించి యచ్చటి వ్యవసాయజీవనమును బరిశీలించి 1954లో గ్రంథము ప్రకటించెను. ఈవ్ పెర్సన్ 1961లోఁ గిస్సీ ప్రతిమలను జరిత్రదృష్టితో విమర్శించెను. వీరి వలనను నితరుల వలనను దెలియవచ్చిన యాచార మిది: రాయి దొరకినవానికి స్వప్నమునందుఁ బితరుఁడొకఁడు కనఁబడి తన పేరు చెప్పును. అప్పటినుండి యా రాయి యా పితరుఁడే. దానికాపేరే పెట్టి, నూలుగుడ్డపేలికలతోఁ జుట్టి, పితృదేవతలవేదిపై నిలిపి, బలియిచ్చిన జంతువు రక్తమును, అన్నమును నర్పింతురు. కాలక్రమమున నా గుడ్డపొరలు రక్తముతోను నన్నముతోను గట్టిపడి లోపలి ముఖము కానరాకపోవుటయుఁ గలదు. ముఖము కనఁబడనక్కఱలేదు, లోపల నున్నవాఁడెవఁడో యింటివారి కెల్లరకును దెలియును.

ప్రశ్నము చెప్పుటకును నివి యుపయోగపడినవి. గుడ్డలతోఁ జుట్టిన ప్రతిమను జిన్నపల్లకివంటి చట్రమునకుఁ గట్టి యొకని తలపై నెత్తుదురు. అడిగిన ప్రశ్నమునకుఁ బల్లకి యొరగిన తీరును బట్టి, నడచిన దిక్కును బట్టి యౌనో కాదో నిర్ణయింతురు. రోగకారణము, దొంగతనము, మృత్యువునకు మూలము మొదలగునవి యిట్లు విచారింపఁబడెడివి.

మెండేరైతు కొట్టినట్లు కిస్సీగృహస్థు తన పొమ్‌దోను గొట్టఁడు. రాయి యొక్కటే, రూప మొక్కటే. ఒకచోఁ బనివాఁడు, ఒకచోఁ దాత. దీనికిఁ గారణము భాషాచరిత్రమే చెప్పవలెను. కిస్సీభాషయుఁ, దీరమునందలి షెర్బ్రో, బుల్లోము, తెమ్నెభాషలును సజాతీయములు. మెండేభాషయు, కోనోభాషయు మాండేకుటుంబమునకుఁ జెందినవి. మొదటివి మాటలాడువా రా దేశమునఁ బ్రాచీనులు; రెండవవారు పిమ్మట వచ్చినవారు. ప్రాచీనుల సంతతికి రాయి తమ వంశ్యుఁడు, నూతనులకుఁ బరవంశ్యుఁడు.

ప్రమాణములు

కేవలము శబ్దము ననుసరించి చరిత్రను స్థాపించుట సాహసము. కాఁబట్టి పొమ్‌దోశబ్దపు యోగార్థమునకు వెలుపలి సాక్ష్యము గలదేమో చూడవలెను.

మొరావియాదేశమునుండి వచ్చి లిస్బన్ నగరమున ముద్రాపకుఁడుగా స్థిరపడిన వలెంటిమ్ ఫెర్నాండెజ్ 1506 మొదలు 1510 వఱకుఁ బోర్చుగీసు నావికుల వృత్తాంతములను సంకలనము చేసెను. ఆ వ్రాఁతప్రతి మ్యూనిక్ నగరపు గ్రంథాలయమున నున్నది. అతఁడు తానుగా సియర్రా లియోన్ దేశమును జూడలేదు. అచ్చట నెనిమిదేండ్లు వసించిన అల్వారో వెల్హో వలన విని వ్రాసెను. మృతులకెల్ల జ్ఞాపకచిహ్నము నిలుపుట యా దేశమున నాచారమనియు, ప్రముఖుఁడు మృతుఁడైన వానిని బోలిన ప్రతిమను జేయుదురనియు, సామాన్యుఁడు గాని దాసుఁడు గాని యైనఁ గొయ్యతోఁ జేసి పూరికప్పుగల యింటిలో నుంతురనియు, ఏటేట వానికిఁ గోళ్లనో మేఁకలనో బలియిత్తురనియు నందుఁ గలదు.

ప్రముఖుని ప్రతిమ యే ద్రవ్యముతోఁ జేయఁబడునో యిందుఁ జెప్పఁబడలేదు. కాని సామాన్యునికిఁ గొయ్య యని విశేషించి చెప్పుటచేతఁ బ్రముఖునికి వేఱొక ద్రవ్య మని యర్థాపత్తిచే సిద్ధించుచున్నది. ఆ దేశమున నట్టి ద్రవ్యముతోఁ జేయఁబడి నేఁటికిని మిగిలిన మనుష్యప్రతిమలలో విస్తారముగా దొరకినవి శిలాప్రతిమలే.

రెండవ సాక్ష్యము దంతశిల్పము. పోర్చుగీసు నావికులు 1462వ సంవత్సర ప్రాంతమున నా తీరముఁ జేరిన పిమ్మట, సాపీ యని తాము వ్యవహరించిన తీరవాసులచేత నేనుఁగుదంతముతో నుప్పుబరిణెలు, చెంచాలు, కొమ్ముబూరలు చేయించుకొని స్వదేశమునకుఁ గొనిపోయిరి. ఫెర్నాండెజ్ యా శిల్పుల నేర్పును బ్రశంసించెను. 1959లో విలియం ఫాగ్ యీ దంతవస్తువులను బ్రత్యేకవర్గముగా నిరూపించెను. 1964లో రైడర్ పండితుఁడు వ్రాఁతలయాధారమున సియర్రా లియోన్ సంబంధమును బలపఱచెను. ఆ బరిణెలపైఁ జెక్కిన మనుష్యులకును నొమొలిప్రతిమలకును శిరోభాగము, కన్నులు, నాసిక, కూర్చున్న తీరు పోలియున్నవి. దంతవస్తువులు పదునైదవ శతాబ్దపు చివరను, పదునాఱవ శతాబ్దమునను జేయఁబడినవి. ఇట్లు శిల్పి దేశమును, జాతియు, ప్రతిమలలోఁ గొన్నిటి కాలమును దెలియవచ్చుచున్నవి.

పదునాఱవ శతాబ్దమధ్యమున మానీ యను పేరుగల మాండేజాతివారు తీరదేశముపై దండెత్తి సాపీలను జయించిరి. పిమ్మట దాసవ్యాపారము ప్రబలెను. ఈ విప్లవములచేతనే శిలాశిల్పము కొనసాగక పోయినదని పెక్కుమంది చరిత్రకారుల మతము. మృతులకుఁ బ్రతిమలు చేయు కులములు చెదరిపోయెను. ప్రతిమలు మన్ను గప్పుకొనెను. వానిఁ జేసితి మను స్మృతియు మాసెను. కిస్సీవారు సైతము వీనిని మనుష్యులు చెక్కిరని చెప్పరు; పితరులే రాళ్లయి వెలసిరందురు. కథ చెక్కినవానిని మఱచినది. పేరు మాత్రము మృతుని మఱవలేదు.

ఎసియె ప్రతిమలు

ఎసియెయూర నెనిమిదివందలకు మించిన బలపపురాతిప్రతిమలు గలవు. కొన్ని జానకు లోపలి యెత్తుగలవి. కొన్ని మూఁడడుగులకు మించినవి. స్త్రీలును బురుషులును బీఁటలపైఁ గూర్చుండియుందురు. కేశబంధములు బహువిధములు, ముఖములపైఁ గాట్లు, కొందఱి చేతులఁ గత్తులు. ఖడ్గధారిణులగు స్త్రీలు వీరిలోఁ గనఁబడుట విశేషము. పెక్కింటి తలలు విఱిగియున్నవి.

క్రైస్తవమిషను పాఠశాలల పరీక్షాధికారియగు రాంషా 1933వ సంవత్సరమున నీ వనమును జూచి తెలుపఁగాఁ బ్రభుత్వమువారి దృష్టి యిటు మరలెను. 1945లో నచ్చటనే నెలకొల్పఁబడిన ప్రదర్శనశాల నైజీరియాదేశమున మొట్టమొదటిది. ఫిలిప్స్ స్టీవెన్స్ ప్రతిమలను వరుసగాఁ బరిశీలించి 1978లో గ్రంథము ప్రకటించెను. ఉష్ణదీప్తిపరీక్షచే నివి క్రీ. శ. 1100 ప్రాంతమువని తేలినది.

ఎసియెవారు సైతము వలస వచ్చినవారే. తాము వచ్చునప్పటికే ప్రతిమలు వనమున నుండెనని వారి వృద్ధపరంపర. పూర్వము పరదేశమునుండి వచ్చిన జనులు దైవకోపముచే రాళ్లయిరని కథ. ప్రతిమలలో నొకటి వారి రాజు, తక్కినవారు పరివారము. ఏటేట నుత్సవము చేసి, బలులిచ్చి, సంతానమును, సస్యసమృద్ధిని వేఁడుదురు. వీనికి వారి భాషలో ఎరె యని పేరు. ప్రతిమ యని మాత్రమే దాని యర్థము. మృతుఁడనికాని, రాజనికాని, దైవమనికాని యా పేరు చెప్పదు. కిస్సీసీమలోఁ బేరు మిగిలి కథ మాఱినది. ఇచ్చటఁ బేరు సామాన్యవాచకమై కథయే యర్థమును మోయుచున్నది. కావుననే పొమ్‌దోను విచారించినట్లు శబ్దముచే నెరెను విచారింప వీలుపడదు. ఆసనము, కేశబంధము, ఆయుధము మొదలగు చిహ్నములే యిచటఁ బ్రమాణములు.

అక్వాన్‌షి

క్రాస్ నదీప్రాంతపు శిలలు భిన్నజాతివి. ఇవి మెత్తని బలపపురాయి గావు. తఱుచుగా నగ్నిశిలలు, అక్కడక్కడ నిసుకరాయియు సున్నపురాయియు. ఏటి యొరపిడిచే సహజముగా నున్ననైన గుండును దీసికొని దాని స్వరూపమును జెడఁగొట్టక పైభాగమున ముఖమును, గడ్డమును, నడుమ నుబికిన నాభిని, చుట్టును వంపుగీఁతలను జెక్కిరి. ఒక యడుగు మొదలాఱడుగుల దాఁక యెత్తుండును. అలోక్ మొదలగు పల్లెలలో నివి వలయాకారముగా నిలువఁబడియున్నవి. ఆంగ్లోద్యోగి పార్ట్రిడ్జ్ 1905లోఁ బ్రకటించిన గ్రంథమున వీనిఁ బ్రస్తావించెను. ఫిలిప్ ఆల్లిసన్ 1961–62 సంవత్సరములలోఁ బల్లె పల్లెకుఁ దిరిగి 295 శిలలను లెక్కించి 1968లోఁ బ్రకటించెను.

వీనికి అక్వాన్‌షి యని పేరు. భూమిలోనున్న మృతుఁ డని దాని యర్థము. అటాల్ అను నామాంతరమునకు రాయి యని మాత్ర మర్థము. మొదటి పేరు తాత్పర్యమును, రెండవది ద్రవ్యమును జెప్పుచున్నవి. న్తా తెగవారు తమ ప్రాచీన పురోహితనాయకుల పేళ్లను వరుసగాఁ జెప్పఁగా విని, యా పరంపరను లెక్కించి, ఈ శిల్పము పదునాఱవ శతాబ్దప్రాంతమున మొదలైనదని ఆల్లిసన్ యూహించెను. తరువాతివారు కొంద ఱింకను బ్రాచీనమని తలఁతురు. క్రొత్తకందల పండుగనాఁడు శిలలను గడిగి, వన్నెలు పూసి, భూగర్భమందలి పెద్దలకు మొదటి ఫలము ముట్టిన పిమ్మటనే జీవించియున్నవారు కంద భుజించుట యాచారము.

కిస్సీసీమకును గ్రాస్ నదికిని నడుమ బహుదేశములు గలవు. భాషలకుఁ బరిచయము లేదు. రెండు తావులందును రాయికి మృతుఁడని పేరుండుటచేత నొకరినుండి యింకొకరు నేర్చిరని చెప్పుట యుక్తము గాదు. నేలలోఁ బాఁతుకొన్న పితరుఁడే నేల ఫలమున కధికారి యను భావము వ్యవసాయజీవులగు జనులకు వేర్వేఱుగఁ గలుగుట సహజము. సామ్యము సర్వత్ర సంబంధమునకు హేతువు గాదు.

పరమతనిరాసము

ఈ విషయమే గుర్తింపక కొంద ఱనేకములగు నూహలు చేసిరి. ఈ ప్రతిమల సౌష్ఠవమును జూచి యీజిప్టువారో, ఫినీషియావారో వచ్చి చెక్కియుందురనిరి. 1910లో ఇఫే నగరమునఁ ద్రవ్వకములు జరిపిన ఫ్రొబేనియస్ యచ్చటి సుందరశిరస్సులను జూచి సముద్రమున మునిగిన అట్లాంటిస్ దేశపు శేషమని సిద్ధాంతీకరించెను. దృష్టమైన కారణ ముండఁగా నదృష్టమును గల్పింపరాదు. సియర్రా లియోనునందు దంతవస్తువులు, వ్రాఁతలు, పేరు మూఁడును దేశీయునే చూపుచున్నవి. ఇఫే నగరమున శిల్పశాలలును, లోహకర్మయు నచ్చటివే యని తరువాతి పరిశోధనములచేఁ దేలినది. పూజకునికి శిల్పి పేరు తెలియకుండుట పరదేశశిల్పి యుండెననుటకు సాధకము గాదు. వంశములు చెదరిన దేశమునఁ దాతపేరును మఱచుట గలదు.

నిర్ణయము

పైవిచారముచే నీ క్రిందివి స్థిరపడుచున్నవి. సియర్రా లియోన్, గినీ ప్రతిమలు మొదట మృతస్మారకములు. పొమ్‌దో యను పేరు నా యోగార్థమును నేఁటికిని వహించుచున్నది. నొమొలిపూజ రూఢ్యర్థము, అది తరువాత వచ్చిన రైతులు పూర్వభూస్వామితోఁ జేసికొన్న సంధి. అక్వాన్‌షియందు యోగమును రూఢియు నేకమయియున్నవి. ఎసియెయందుఁ బేరు మౌనము వహింపఁగా కథయు, చిహ్నములును మిగిలినవి. యోగము సత్యము, రూఢి యసత్యమని యెంచరాదు, రెండును జరిత్రయే. ఒకటి చేసినవారి చరిత్ర, ఇంకొకటి కాపాడినవారి చరిత్ర.

ఈ రెండును నిలుచుట కొక నియమము గలదు: ప్రతిమ తన తావును, పేరును విడువఁగూడదు. వజ్రపుగోతులలో దొరకిన నొమొలులు తావు వ్రాయఁబడకయే వర్తకుల చేతులఁ బడి దేశాంతరములకుఁ బోయినవి. ఏ పొరలో, ఏ వస్తువులతోఁ గూడి యున్నవో తెలియనందున వాని కాలమును నిర్ణయించు సాధనము పోయినది. గుడ్డలు విప్పి, రక్తము గడిగి, నునుపుచేసి యమ్మఁబడిన పొమ్‌దో మరల నెవని తాతయుఁ గాఁజాలదు. సమాసమునుండి యూడఁదీసిన పదమువలె దాని యన్వయము తెగినది. 2000వ సంవత్సరమున నంతర్జాతీయ ప్రదర్శనశాలాపరిషత్తువారు దొంగరవాణాకు గుఱియగు నాఫ్రికా పురావస్తువుల పట్టికలో ఎసియె ప్రతిమలను జేర్చిరి. ఇకోమ్ శిలలు 2008వ సంవత్సరమున నపాయస్థితిలో నున్న ప్రపంచస్మారకముల పట్టికయం దెక్కినవి. వానకును, ఎండకును, పొలము గాల్చు మంటకును, దొంగలకును లోఁబడి కొన్ని పగిలినవి, కొన్ని పోయినవి.

రాతిని గాపాడుటకు గోడయు, గొళ్లెమును జాలును. పేరును గాపాడుటకు వృద్ధుల నోట వినుటయే యుపాయము. ఏ రాయి యెవని పొలమున దొరకెను, స్వప్నమున నే పేరు చెప్పెను, ఏ పండుగనాఁ డేది యర్పించిరి యనునవి వ్రాసియుంచినంతవఱకు నొమొలియుఁ, బొమ్‌దోయు, అక్వాన్‌షియుఁ దమ యర్థము నిలుపుకొనును. వ్రాయనిచో మూఁటికిని ఎరె యను పేరువలె బొమ్మ యను నర్థ మొక్కటియే మిగులును.